పాలు పొంగించిన ఇల్లు

అద్దె ఇల్లు సులువుగా దొరికిందంటే నాకు భయం. సత్యనారాయణపురంలో గాలీ వెలుతురూ వచ్చే రెండు గదులు, వంటిల్లు, ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళు. అలాంటి పై వాటాని రెండే రెండు ప్రశ్నలడిగి ఇచ్చేశారంటే అందులో ఏదో మెలిక ఉండి తీరాలి. నాకు మొదటి రోజే అనుమానం తగిలింది. మా ఆయనకు తగల్లేదు. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అనుకునే రకం ఆయన.

మాది చేపల వ్యాపారం. మా ఆయన పేరు పెద్దబ్బాయి. కైకలూరు వైపు చెరువుల నుంచి తెల్లారేసరికి వ్యాన్లో చేపలు తెచ్చి బెజవాడ మార్కెట్లో దింపుతాడు. ఆ మాట చెప్పగానే ఇళ్ళ ఓనర్ల మొహాలు ఎలా మారతాయో నన్నడగండి. "అయ్యో, నిన్ననే వేరేవాళ్ళకి మాటిచ్చేశామండీ" అంటారు. టులెట్ బోర్డు మాత్రం గేటుకి వేలాడుతూనే ఉంటుంది. చిట్టినగర్‌లో మేముంటున్న ఇంటిని పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతారట. ఖాళీ చెయ్యమని ఓనరు రోజూ పోరుతున్నాడు. కాలేజీకి వెళ్ళే ఆడపిల్ల, మా ఉష, ఉంది. ఆ పిల్లని వెంటేసుకుని ఎక్కడికని పోతాం?

చివరికి ఈ ఇల్లు దొరికింది భవానీ దీక్ష పుణ్యమా అని. మా ఆయన ఎర్రబట్టలు కట్టుకుని, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకుని ఇల్లు చూడ్డానికి వెళ్ళాడు. ఓనరు ఇందిరాదేవి గారు రిటైరైన టీచరు. "రండి భవానీ, కూర్చోండి" అని మంచినీళ్ళిచ్చిందట. ఏం చేస్తుంటారని ఆవిడ అడిగితే "ట్రాన్స్‌పోర్టండీ" అన్నాడట. నీచు తింటారా అని అడిగితే "మా ఇంట్లో ఉల్లిపాయ కూడా లేదండీ" అన్నాడట. దీక్షలో ఎవరింట్లో ఉంటుంది ఉల్లిపాయ!

"అబద్ధమాడి వచ్చారన్నమాట," అన్నాను.

"ఏది అబద్ధమే? వ్యాన్ తోలడం ట్రాన్స్‌పోర్టు కాదా? పోనీ, ఉల్లిపాయ ఉందేమో చూపించు!"

ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. నేనూ నోరు మూసుకున్నాను, ఇల్లు కావాలి కాబట్టి.

శుక్రమూఢం ముంచుకొస్తోంది. అది మొదలైందంటే నెలల తరబడి కొత్తింట్లో అడుగు పెట్టకూడదు. అందుకని మూఢం రాకముందే ఒక పొద్దున దేవుడి పటం, పసుపు కుంకుమ, పాలగిన్నె పట్టుకెళ్ళి కొత్త వంటింట్లో పాలు పొంగించాం. పాలు పొంగితే ఆ ఇంట్లో చేరినట్టే. ఇక సామాను మూఢంలో వచ్చినా దోషం లేదు. ఇందిరాదేవి గారు కూడా పైకొచ్చి, పరమాన్నం నోట్లో వేసుకుని, "చల్లగా ఉండండమ్మా" అని నా నెత్తి మీద అక్షింతలు వేసింది. ఊరక రారు మహాత్ములు అనుకున్నాను. అంత తియ్యగా మాట్లాడే ఓనర్ని నా జన్మలో చూడలేదు మరి.

ఆ వారమంతా ఏదో ఒక పని మీద ఆ వీధికి తిరిగాను. ఇల్లు మారడమంటే సామాను మొయ్యడమొక్కటేనా? పాలవాణ్ణి చూసుకోవాలి, ఇస్త్రీకి మాట్లాడుకోవాలి, గ్యాసు మార్పించుకోవాలి, మంచినీళ్ళ క్యాను ఎవరు వేస్తారో కనుక్కోవాలి. ముందు పాల బూత్‌కి వెళ్ళాను. యేసుబాబని, కళ్ళద్దాలాయన నడుపుతున్నాడు.

"పై వాటాలోకి వచ్చేది మీరేనా?" అని నన్ను ఎగాదిగా చూశాడు. "టీచర్ గారు చెప్పారులెండి."

"ఏం చెప్పారు?"

"చెప్పారులెండి," అని పాల ట్రేలు సర్దుకోవడంలో పడిపోయాడు.

ఇస్త్రీ బండి అమలమ్మ దగ్గరా అదే తంతు. నేను నోరు విప్పకముందే, "కాలేజీ పిల్ల వాళ్ళమ్మవి నువ్వేగా?" అంది. నా కూతురి సంగతి ఈవిడకెలా తెలుసు? అడిగితే మళ్ళీ టీచరమ్మే. అసలు వీధిలో అందరికీ మా గురించి ఆవిడ ఎందుకు చెబుతోంది? చెప్పడమేనా, మా గురించి ఆరా కూడా తీస్తోందా? ఆఖరికి నీళ్ళ క్యాన్లతనూ నన్ను చూసి నవ్వాడు. ఊరికే నవ్వితే సరిపోను, నా గుట్టేదో తెలిసినట్టు నవ్వాడు.

ఇంట్లో సంగతి ఇంకా విడ్డూరం. పాలు పొంగించిన మర్నాడు మధ్యాహ్నం తాళం తీసి లోపలికి వెళితే అగరొత్తి వాసన గుప్పుమంది. నేను వెలిగించలేదే! తెరిచి వెళ్ళిన కిటికీ మూసి ఉంది. వంటగట్టు అద్దంలా తుడిచి ఉంది. పటం ముందు నేను పెట్టిన ప్రమిద మాత్రం పెట్టినచోటే ఉంది. అంటే రెండో తాళంచెవి ఉందన్నమాట. మేం లేనప్పుడు ఎవరో లోపలికి వచ్చిపోతున్నారు. ఇంకెవరు, ఆవిడే! వెనకటికో ఓనరమ్మ ఉండేది, అగ్గిపెట్టె అడిగే వంకతో వచ్చి మా గిన్నెల మూతలు తీసి చూసేది. ఆ జాతి మనుషులు ఊరంతా ఉంటారు.

ఆ పూట నేను స్టీలు గిన్నెలు సర్దిన థర్మోకోల్ పెట్టె ఒకటి వంటింట్లో పెట్టి వచ్చాను. చేపల ఐసు పెట్టె అది. అట్టపెట్టెలు దొరక్క దాన్నే సబ్బుతో కడిగి, చింతపండుతో తోమి, నిమ్మచెక్కతో రుద్ది మరీ వాడాను. మర్నాడు చూస్తే గిన్నెలు గట్టు మీద బోర్లించి ఉన్నాయి. పెట్టె బాల్కనీలో ఉంది, మూత తీసి! వాసన పట్టేసింది. పట్టేసి, మొహం మీద అడక్కుండా, సాక్ష్యాలు పోగేస్తోంది.

సరే, నేనూ తక్కువ తిన్లేదు. వచ్చే ముందు గడప లోపల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బియ్యప్పిండితో ముగ్గు వేశాను. దాన్ని తొక్కకుండా లోపలికి రావడం ఎవరి తరమూ కాదు. పాదాల అచ్చులు పడితే, ఇదిగో అని చూపించి నిలదియ్యొచ్చని.

సామాను రావాల్సిన రోజు పొద్దున్నే వెళ్ళి తలుపు తీశాను. అచ్చులు లేవు. అసలు నా ముగ్గే లేదు! దాని చోట ముచ్చటైన పద్మం ముగ్గు, నట్టనడుమ చిటికెడు కుంకుమ. ఎంత తెగింపు! నీ ముగ్గూ ఒక ముగ్గేనా, ఇదిగో చూసుకో అన్నట్టుంది. నా ఒళ్ళు మండిపోయింది. గబగబా మెట్లు దిగాను.

ఇందిరాదేవి గారు వరండాలో కూర్చుని దూదితో వత్తులు చేసుకుంటోంది.

"టీచర్ గారూ, మా వాటా రెండో తాళంచెవి మీ దగ్గరుందా?"

"ఉందమ్మా."

"రోజూ పైకెళ్తున్నారా?"

"వెళ్తున్నానమ్మా. మీరేమో..."

"అడిగితే నేను చెప్పనా అండీ?" నా గొంతు వీధిలోకి వినపడుతోందని తెలుస్తూనే ఉంది, ఆగలేదు. "అవును, మేం చేపలోళ్ళమే! మా ఆయన తోలేది చేపల వ్యానే. అది ఐసు పెట్టే. దీక్ష అయ్యాక మా ఇంట్లో పులుసు కాగుద్ది, కాగకపోతే మాకు ముద్ద దిగదు. దానికి దొంగతనంగా తాళాలు తియ్యాలా? వాసనలు చూడాలా? వీధంతా చాటింపెయ్యాలా? చదువు చెప్పినోళ్ళు చేసే పనేనా ఇది?"

ఆవిడ చేతిలో వత్తి ఆగిపోయింది.

"చేపలా?" అంది.

ఆ ఒక్క మాటతో నాకు అర్థమైపోయింది. ఆవిడకి తెలియదు. ఏమీ తెలియదు! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటారే, ఇక్కడ దొంగ అని కూడా ఎవరూ అనలేదు. నేనే తడుముకున్నాను.

"పాలు పొంగించిన ఇంట్లో దీపం లేకుండా ఉంచకూడదమ్మా," అంది మెల్లిగా. "సామాను సర్దుకునే హడావిడిలో ఉంటారు, రోజూ పొద్దున్నే ఇంత దూరం ఏం వస్తారని నేనే వెళ్ళి పెట్టొస్తున్నాను. పెట్టె లోపల తడిగా ఉంటే ఎండ తగులుతుందని బాల్కనీలో పెట్టాను. నా కాలు తగిలి మీ ముగ్గు చెరిగిపోతే మళ్ళీ వేశాను. కొత్త చోటు, ఆడపిల్ల గలవాళ్ళు, కాస్త కనిపెట్టుకుని ఉండండని బూత్‌లోనూ బండి దగ్గరా చెప్పాను. అది తప్పయిందా అమ్మా?"

తప్పని ఎలా అంటాను? సిగ్గుతో తలెత్తలేకపోయాను. అయినవాళ్ళు కూడా మాకోసం అంత చెయ్యలేదు.

ఆవిడ లోపలి గది వైపు చూసింది. భర్త అచ్యుతరామారావు గారు పేపరు చదువుకుంటున్నాడు. "మా వారితో ఒక మాట అనుకుని చెప్తానమ్మా," అంది గొంతు తగ్గించి. ఆ మాట నేను ఎన్ని గేట్ల దగ్గర విన్నానో! దానికి అర్థం నాకు బాగా తెలుసు. అంతలో ఫోను మోగింది. మా ఆయన.

"ట్రాలీ బయల్దేరిందే. పాతింటి తాళం ఇచ్చేశాను. ఇక్కడ అప్పుడే తలుపులు ఊడబీకుతున్నారు."

ఫోను పెట్టేశాను. వెనక ఇల్లు లేదు. ముందు ఇల్లు పోతోంది. దారిలో ఉన్న సామాను, సాయంత్రం కాలేజీ నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చే పిల్ల. నాకిక వేరే దారి కనపడలేదు.

"అనుకునే చెప్పండి టీచర్ గారూ," అన్నాను. "కానీ ఒక్క మాట. పాలు పొంగించినవాళ్ళని మూఢంలో గడప లోంచి వెనక్కి పంపితే ఆ దోషం ఎవరికి తగుల్తుంది? మాకా, ఇంటికా? పెద్దవారు, మీకే తెలియాలి."

ఆవిడ మొహం పాలిపోయింది. నా కోసం రోజూ దీపం పెట్టిన మనిషిని ఆ దీపం అడ్డం పెట్టుకునే బెదిరించాను. అంటున్నప్పుడే తెలుసు నాకు, అయినా అన్నాను.

ఆవిడ లేచి లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చింది. నా చేతికివ్వలేదు. అరుగు మీద పెట్టింది.

"సామాను దింపించుకోండి. ఇక నేను పైకి రావలసిన పని లేదుగా," అంది. ఈసారి చివర్న అమ్మా లేదు. తలుపు దగ్గరగా వేసుకుంది.

ట్రాలీ వచ్చి గేటు ముందు ఆగింది. మా ఆయన ఎర్రబట్టల్లో చెమటలు కక్కుతూ దిగి, మూసిన తలుపు వైపు తిరిగి, "టీచర్ గారూ, వచ్చేశామండీ!" అని సంబరంగా కేకేశాడు. ఎవరూ పలకలేదు.

"ఊళ్ళో లేరా?" అన్నాడు నాతో.

"ఉన్నారు."

"మరి బయటికి రారేం?"

"ఇల్లు నిలబెట్టానండీ," అన్నాను. "ఆవిడని పోగొట్టుకున్నాను." ఇంకేదో చెప్పబోయాను గానీ ఏడుపు తన్నుకొచ్చేసింది. గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఆయన బీరువా తాళ్ళు విప్పుతున్నవాడల్లా ఆగి, బిత్తరపోయి నా మొహంలోకి చూశాడు.

"ఇల్లు దొరికిన రోజున ఎవరైనా ఏడుస్తారటే?" అన్నాడు.