తొట్టిబండికి గొలుసు

ఎత్తు ఎక్కుతుండగా బండి వెనక గులకరాళ్ళు నమిలినట్టు చప్పుడైంది. ఆ తరవాత ఇంజను ఎంత గొంతు చించుకున్నా వెనక చక్రం తనకేమీ సంబంధం లేనట్టు ఊరుకుంది. బండి వెనక్కి జారబోతుంటే మిషనాయన రెండు కాళ్ళూ నేలకి తన్నిపట్టి బ్రేకు నొక్కాడు. బండి పక్కన తగిలించిన తొట్టిలో పనిముట్ల పెట్టె ఒళ్ళో పెట్టుకు కూర్చున్న ఆయన భార్య తల ఒక పక్కకి వంచి ఒక్క క్షణం వింది.

"ఇంజనుకేం కాలేదు. వెనక డబ్బాలో పళ్ళు పోయాయి," అంది.

"చూడకుండానే చెప్పేస్తావేం?"

"దిగి చూడండి మరి."

దిగి చూశాడు. వెనక చక్రాన్ని అంటిపెట్టుకున్న ఇనప డబ్బా అడుగునుంచి నల్లటి నూనె కారుతోంది. వేలితో తీసి చూస్తే అందులో సన్నటి ఇనపపొడి మెరిసింది. ఆయన వేలు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

వాళ్ళిద్దరిదీ కుట్టుమిషన్లు బాగుచేసే పని. ఆయన్ని మిషనాయన అనీ, ఆవిణ్ణి మిషనక్క అనీ పిలవడమే తప్ప అసలు పేర్లతో ఎవరికీ పని పడలేదు. పదకొండేళ్ళ కిందట జబ్బుచేసి అక్కకి నడుము కింద సత్తువ పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన నెలలోనే మిషనాయన ఎక్కడెక్కడో తిరిగి ఒక పాత మోటారుసైకిలూ, దాని పక్కన తగిలించే తొట్టీ సంపాదించుకొచ్చాడు. చక్రాల కుర్చీ మడిచి తొట్టి వెనక కట్టేవాడు. ఇక ఇద్దరూ కాలికి బలపం కట్టుకున్నట్టు ఇంటింటికీ తిరిగేవారు.

ఆ బండికి చైను ఉండదు. ఇంజను నుంచి వెనక చక్రం దాకా ఒక గొట్టంలో ఇనప కడ్డీ తిరుగుతుంది. దాన్ని షాఫ్టు అంటారు. వారం వారం నూనె పెట్టక్కర్లేదు, వదులైందని బిగించక్కర్లేదు, చీరకి మరకంటదు. "అలగని అల్లుడు" అని దాన్ని పదిమందిలో పొగిడేవాడు మిషనాయన. అలగని అల్లుడు అలిగితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

ఆ దారినే వెళ్తున్న పాల వ్యాను డ్రైవరు తాడు కట్టి, బండిని మెకానిక్ షెడ్డు దాకా లాక్కొచ్చి దింపాడు. మెకానిక్ డబ్బా విప్పి, లోపలి పళ్ళచక్రాలు రెండూ చేతిలోకి తీసుకుని నిట్టూర్చాడు. పెద్ద చక్రానికి సగం పళ్ళు లేవు.

"అన్నా, ఈ సరుకు చేసే ఫ్యాక్టరీ మూతపడి పాతికేళ్ళయింది. అడిగి చూస్తాను, ఆశ మాత్రం పెట్టుకోకు."

నాలుగు రోజులు అడిగాడు. అయిదో రోజు తనే ఆ చక్రాలు పట్టుకుని వాళ్ళింటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎక్కడా లేవు వదినా. పాత సామాన్లవాడికి వేసెయ్యడమే."

అక్క చెయ్యి చాపి, "ఆ విరిగిన చక్రాలు నాకిచ్చి వెళ్ళు తమ్ముడూ," అంది.

బండి లేదని పని ఆగుతుందా. మిషనాయన పెట్టె భుజాన వేసుకుని బస్సెక్కాడు. బస్సు మెట్లు అక్క ఎక్కలేదు. మొదటింటి గుమ్మంలోనే, "అక్క రాలేదా?" అన్నారు. రెండో ఇంట్లో కూడా ఆ మాటే. ఆ ఇంటి మిషను ఒక కుట్టు వేసి ఇంకోటి వదిలేస్తోంది. సూది మార్చాడు, దారం బిగువు మార్చాడు, అడుగు పలక విప్పి దుమ్ము దులిపాడు. గంటన్నర కుస్తీ పట్టినా మిషను తన పట్టు విడవలేదు. అదే అక్క అయితే చక్రాన్ని చేత్తో రెండు చుట్లు తిప్పించి, చెవి ఆనించి, "దారం అందుకునే కింద కొక్కెం వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తోంది" అని ఉండేది.

ఆ ఇంటి ముసలావిడ మంచినీళ్ళిచ్చి, "నువ్వు మరలు బాగా తిప్పుతావు నాయనా. రోగం కనిపెట్టేది మాత్రం ఆవిడ," అంది.

మిషనాయన నవ్వేశాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆ నవ్వు పోయింది. పదకొండేళ్ళుగా భార్యని తను మోసుకు తిరుగుతున్నానని లోలోపల కాస్త గర్వపడిన మాట నిజం. ఎవరి బరువు ఎవరు మోస్తున్నారో ఖాళీ చేతులతో ఇంటికెళ్తుంటే తెలిసొచ్చింది. ఆ సంగతి ఆవిడతో ఎలా చెప్పాలో తెలియక, ఇంటికెళ్ళగానే, "బస్సులో చాలా రద్దీగా ఉంది," అన్నాడు.

అక్క ఆ మాట వినిపించుకోలేదు. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, అందులో విరిగిన చక్రాలు తిప్పుతోంది.

"ఇలా చూడండి. ఇంజనులో ఇరుసు అడ్డంగా తిరుగుతోందా? అక్కడ ఒక చక్రాల జత పెట్టి ఆ తిరుగుడుని నిలువు కడ్డీకి మళ్ళించారు. వెనక ఇంకో జత పెట్టి మళ్ళీ అడ్డానికి తిప్పారు. చక్రం చివరికి తిరిగేది అడ్డంగానే కదా?"

"అవును."

"మరి ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు ఈ మెలికలెందుకు? ముందు ఇరుసుకి ఒక పళ్ళచక్రం, వెనక ఒక పళ్ళచక్రం, మధ్యలో సైకిలుకి ఉన్నట్టు చైను. చాలదూ?"

మర్నాడు మెకానిక్ ఆ మాట విని తల గోక్కున్నాడు. "వదిన చెప్పింది తప్పేం కాదు. అయితే ఆ చక్రాలు తగిలించడానికి ప్రతి ముక్కా కొత్తగా లేతు మీద చెక్కాలి. అది ఒక్క అరమిల్లికే చేతనవును. ఆయనేమో కొట్టు మూసేశాడు."

అరమిల్లి ముసలి టర్నరు. నలభై ఏళ్ళు లేతు మిషను మీద ఇనుము చెక్కాడు. అరమిల్లీమీటరు తేడా వస్తే ఎంత పెద్ద పనైనా చెత్తబుట్టలో పారేసేవాడు గనక ఆ పేరొచ్చింది. మిషనాయన వెళ్ళేసరికి ఆయన కొట్టు తలుపులు తెరిచే ఉన్నాయి. లేతు మీద మాత్రం దుప్పటి కప్పి ఉంది. ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని వీధి చూస్తున్నాడు. చెప్పిందంతా విని, "నా వల్ల కాదు," అన్నాడు.

"మీరు తప్ప ఎవరూ..."

"కళ్ళు పోయాయయ్యా. చేతులకి తెలుసు, లేతు పిడి మీద కొలత గీతలు కనపడవు. కనపడని పని చేసి నీ భార్యని రోడ్డు మీద పడెయ్యమంటావా?"

మిషనాయన ఇంటికి వచ్చేశాడు. జరిగింది చెబితే అక్క ఒకటే అడిగింది. "కళ్ళు లేవన్నారా, మనసు లేదన్నారా?"

"కళ్ళే."

"అయితే కుర్చీ తియ్యండి."

మైలు దూరం కుర్చీ తోసుకుంటూ తీసుకెళ్ళాడు. అక్క తిన్నగా లేతు దగ్గరికి వెళ్ళి, "నలభై ఏళ్ళుగా సూదిలో దారం ఎక్కిస్తున్నాను పెద్దాయనా. గీతలు నేను చదువుతాను. పిడి మీరు తిప్పండి," అంది.

అరమిల్లి లేచి వెళ్ళి ఒక ఉక్కు స్కేలు తెచ్చి, వేలిగోటితో తడిమి ఒకచోట నొక్కి పట్టుకుని, "ఇదెంత?" అన్నాడు.

"ముప్ఫైఏడున్నర మిల్లీలు. కాస్త తక్కువ."

ఆయన లేతు మీది దుప్పటి తీసి మడతపెట్టాడు.

ఆ పనికి పంతొమ్మిది రోజులు పట్టింది. పొద్దున్నే మిషనాయన అక్కని కొట్టులో దింపి, బస్సెక్కి ఇళ్ళకి వెళ్ళేవాడు. అర్థంకాని మిషను తగిలితే పాత టేపురికార్డరులో దాని చప్పుడు పట్టుకొచ్చి అక్కకి వినిపించేవాడు. సాయంత్రం కొట్టుకి వచ్చేసరికి అక్కా అరమిల్లీ పోట్లాడుకుంటూ కనపడేవారు.

మొదటి పోట్లాట వెనక పళ్ళచక్రం గురించి. చిన్నదైతే బండి వేగంగా పోతుందన్నాడు అరమిల్లి. "మాకెవరూ తరుముకు రావడం లేదు. తొట్టి, నేను, పెట్టె, కుర్చీ కలిసి ఎత్తెక్కాలి. వెనక పళ్ళచక్రం పెద్దదే పెట్టండి," అంది అక్క. ఆవిడ మాటే నెగ్గింది. మెకానిక్‌కి ఇంకో భయం పట్టుకుంది. ఇంజను ఇరుసు ఎటు తిరుగుతుందో చూడకుండా చైను వేస్తే బండి వెనక్కి పోతుందేమోనని. ముగ్గురూ ఇరుసు మీద సుద్దతో గీత గీసి, ఇంజను నడిపి చూశారు. ముందుకే తిరిగింది. అరమిల్లి ఆ పూటంతా మెకానిక్‌ని "రివర్సు" అని పిలిచాడు.

పదమూడో రోజు సాయంత్రం ఒక పెద్ద కష్టం వచ్చింది. ముందు పళ్ళచక్రం, వెనక పళ్ళచక్రం ఒకే గీత మీద లేకపోతే చైను నిలవదు. వెనక పళ్ళచక్రాన్ని పట్టి ఉంచే గుండ్రటి పలకని అరమిల్లి మూడు రోజులు కష్టపడి చెక్కాడు. బిగించాక అక్క దారం పట్టి, ఒక కన్ను మూసి చూసింది. తేడా ఉంది. ఎంతో లేదు, అరమిల్లీమీటరు. సరిపోతుందన్నాడు మెకానిక్. పంపులకీ మోటార్లకీ అంతకంటే ఎక్కువ తేడాతో ఏళ్ళు గడుస్తాయన్నాడు.

గీతలు చదివింది అక్కే. తప్పు తనదే అనుకుంటోందని ఆవిడ మొహం చూస్తేనే తెలుస్తోంది.

అరమిల్లి ఆ పలక విప్పి చెత్తబుట్టలో పడేశాడు. "నువ్వు సరిగ్గానే చదివావమ్మాయ్. నేనే పిడి ఒక వెంట్రుక ఎక్కువ తిప్పాను. నా చేతులు కూడా ముసలివయ్యాయని ఇవాళే తెలిసింది. రేపు నువ్వు చదివాక పైకి రెండుసార్లు చెప్పు, నేను రెండోసారి విన్నాకే తిప్పుతాను," అన్నాడు. ఆ మాటకి అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీరకొంగుతో కాకుండా, నూనె గుడ్డతో తుడుచుకోబోతే మిషనాయన చెయ్యి పట్టుకు ఆపాడు.

పంతొమ్మిదో రోజున అన్నీ బిగించారు. మిషనాయన ఒక్కడే వీధి చివరిదాకా వెళ్ళి మలుపు తిరిగేసరికి చైను ఊడి కింద పడింది. మెకానిక్ పరిగెత్తుకెళ్ళాడు. చైను లాగుడుకి వెనక ఇరుసు తన గాడిలో ఒక పక్కకి జారింది. అది జారకుండా రెండు పక్కలా పొడుగు బోల్టులు పెట్టి బిగించారు. చైను మధ్యలో వేలితో ఎత్తితే రెండు వేళ్ళ వెడల్పు ఆడాలి, అంతకంటే ఎక్కువా తక్కువా కాకూడదని అరమిల్లి మూడుసార్లు చెప్పాడు. "ఇది మీ పాత అల్లుడిలా కాదు. వారం వారం నూనె అడుగుతుంది. మర్చిపోతే మొహం మీదే చెబుతుంది," అన్నాడు.

ఈసారి అక్క తొట్టిలో కూర్చుంది. పెట్టె ఒళ్ళో పెట్టుకుంది. ఆ రోజు బండి ఆగిపోయిన ఎత్తు దగ్గరికే వెళ్ళారు. చైను సన్నగా గలగలమంటోంది. సగం ఎత్తులో మిషనాయన నేలకి తన్నిపట్టడానికి కాళ్ళు దించి ఉంచాడు. బండి మాత్రం ఎద్దులా తలవంచుకుని ఎక్కేసింది. పైన ఆపి ఇంజను కట్టేశాడు.

"ఎలా ఉంది చప్పుడు?" అన్నాడు.

"శుభ్రంగా ఉంది."

ఆయన బండి దిగలేదు. హ్యాండిలు వైపే చూస్తూ, "నువ్వు లేకుండా బస్సులో తిరిగినన్నాళ్ళూ ఒక్క మిషనూ నా అంతట నేను సరిగ్గా చెయ్యలేకపోయాను. పదకొండేళ్ళుగా ఇల్లు నడిచింది నీ చెవులతో. చెప్పాలనుకుని చెప్పలేకపోయాను," అన్నాడు.

అక్క ఒళ్ళో పెట్టె సర్దుకుంటూ, "నేను మంచం దిగనని గోడవైపు తిరిగి పడుకున్న నెలలో ఈ తొట్టి తెచ్చింది మీరు. నేనూ చెప్పలేదు," అంది.

ఎత్తు దిగి తిన్నగా అరమిల్లి కొట్టుకి వచ్చారు. మిషనాయన దారిపొడుగునా మాటలు కూడబెట్టుకున్నాడు. తీరా ఎదురుపడేసరికి ముసలాయన నూనెచేతులు రెండూ పట్టుకుని నిలబడిపోయాడు.

"వదులయ్యా, పనుంది," అన్నాడు అరమిల్లి. గొంతు మాత్రం కసిరినట్టు లేదు. లేతు మీద దుప్పటి లేదు. బల్ల మీద ఎవరిదో నీళ్ళ పంపు ఇరుసు ఉంది. బండికి చైను వేస్తున్నారన్న కబురు విని ఆ పొద్దునే ఒకాయన తెచ్చి పెట్టాడట.

"అమ్మాయ్, గురువారాలు నీకు తీరికేనా?" అన్నాడు. "మూడేళ్ళు ఈ స్టూలు మీద కూర్చుని వీధిలో పోయేవాళ్ళని లెక్కపెట్టాను. చేతులకి పనిచ్చావు. కళ్ళు కూడా వారానికో రోజు ఇస్తే..." అని, మిగతాది చెప్పకుండా పంపు ఇరుసుని తుడవడం మొదలుపెట్టాడు.

"గురువారం తొమ్మిదింటికి వస్తాను," అంది అక్క.

అప్పటినుంచి గురువారాలు మిషనాయన అక్కని కొట్టులో దింపుతాడు. వెంటనే వెళ్ళిపోడు. బయట నీడలో బండి నిలబెట్టి, గుడ్డతో చైను తుడిచి, చుక్క చుక్కగా నూనె వేస్తాడు. లోపలినుంచి అక్క గొంతు వినపడుతుంది, "పన్నెండు, పన్నెండు," అని ఒకే అంకె రెండుసార్లు. ఆ వెనకే లేతు తిరిగే చప్పుడు. అది విన్నాకే పెట్టె తీసుకుని బయల్దేరతాడు.