నా ఒంటి మీద తిప్పిన బాణం

“అన్నయ్యగారూ, గీయకముందే చెబుతున్నాను. ఇందులో ఏదో ఒక తేడా వస్తుంది. నా మనసు కీడు శంకిస్తోంది.”

నేనింకా తెల్లగా ఉండగానే నా చెవిన పడిన మొదటి మాట ఇది. ఒక్క గీతైనా పడలేదు, అప్పుడే తేడా!

నేను ఒక ప్లాను కాగితాన్ని. వెలుతురుకి ఎత్తితే అవతలి చెయ్యి కనబడేంత పల్చటి ట్రేసింగ్ కాగితాన్ని. నన్ను గీసినాయన కోదండం. ఊరంతా కంప్యూటర్లకి పోయినా ఆయన మాత్రం స్కేలూ నల్లసిరా పెన్నూ వదల్లేదు. కీడు శంకించినావిడ మంగతాయారు. ఆవిడ కూతురు హైమ బీఫార్మసీ పూర్తిచేసింది. మెయిన్‌రోడ్డు మీద రామభద్రరాజు గారి ఇంటి ముందుగది అద్దెకి తీసుకుని మందుల షాపు పెట్టాలని పిల్ల ఆశ. లైసెన్సు అర్జీకి రిజిస్టరైన లీజు పత్రం జతచేయమన్నారట. ఆ పత్రం వెనక గది కొలతలూ, హద్దులూ, దిక్కులూ చూపించే ప్లాను ఉండాలి. అంటే నేనుండాలి.

కోదండం టేపు పట్టి రెండుసార్లు కొలిచాడు. మంగతాయారు మూడోసారి కొలిపించింది. “గోడ లోపలనుంచి కొలిచారా, బయటనుంచా? రేపు అంగుళం తగ్గిందని తిప్పి పంపితే?” అంగుళం తగ్గలేదు. గది చుట్టూ ఎవరెవరున్నారో నాలుగు వైపులా రాసి, పైన ఉత్తరం బాణం గీశాడు. రోడ్డూ, గుమ్మమూ కిందికొచ్చాయి.

“అంటే గుమ్మం ఎటు చూస్తున్నట్టు?”

“దక్షిణం, చెల్లెమ్మా.”

ఆవిడ మొహం పాలిపోయింది. “మందుల షాపుకి యముడి దిక్కున గుమ్మమా? తూర్పని రాసెయ్యండి అన్నయ్యగారూ, కాగితమే కదా!”

“దిక్కులు నా ఇంట్లో పుట్టలేదమ్మా,” అని ఆయన నన్ను చుట్టచుట్టి చేతిలో పెట్టాడు.

కాగితమే కదా! ఈ మాట మనుషులు ఎంత తేలిగ్గా అంటారో. మళ్ళీ ఆ కాగితం లేకపోతే సొంతగదిలో కూడా అడుగుపెట్టలేరు.

ఇంటికెళ్లాక, హైమ స్నానానికి వెళ్లిన సమయం చూసి, జాకెట్ల కుట్లు విప్పే బ్లేడుముక్కతో ఆవిడ నా నెత్తిమీది బాణాన్ని గీకింది. నెమ్మదిగానే గీకింది పాపం, పిల్ల మొహం మీది మచ్చ తుడిచినట్టు. కూతురి పెన్నుతో ఉత్తరం కుడిపక్కకి చూపేలా కొత్త బాణం గీసి, అలా కిందున్న గుమ్మాన్ని తూర్పు చేసి, “తూర్పు గుమ్మం, చల్లగా ఉండు తల్లీ” అని నాకు దణ్ణం పెట్టింది. ఎవరి మీద కోప్పడను? జెరాక్సులో ఆ గీకుడు పడనే లేదు. కొత్త బాణం ఒక్కటే నల్లగా, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

అక్కణ్ణుంచి మొదలైంది రిజిస్ట్రారాఫీసు చుట్టూ తిరుగుడు. మొదటిసారి, లీజుకిచ్చే గదికి ఎర్రరంగు వేయలేదని తిప్పి పంపారు. వేశారు. రెండోసారి, ప్లాను మీద ఇంటాయన సంతకం లేదన్నారు. ఆ రెండూ ఒకేసారి చెబితే ఏం పోయేదో! రామభద్రరాజు గారు సంతకం పెడుతూ, “శుక్రవారం దాటితే గది సెల్‌ఫోన్ల వాళ్లకి ఇచ్చేస్తానమ్మా, వాళ్లు రోజూ వెంటపడుతున్నారు” అన్నారు. మూడోసారి, పత్రంలో రోడ్డు దక్షిణాన ఉంది, ప్లానులో తూర్పున ఉంది, ఏది నిజమని అడిగారు. అది బుధవారం.

“ఆ కోదండం మావయ్యకి చూపు ఆనడం లేదమ్మా. కంప్యూటర్లో గీయిద్దామంటే విన్నావా?” అని హైమ ఆటోలో ఏడ్చింది. మంగతాయారు రోడ్డువైపు తిరిగి కూర్చుంది. “నేను ముందే అన్నాను, తేడా వస్తుందని” అంది. అనగలిగింది! ఆవిడ ఒళ్లో సంచిలో చుట్టచుట్టుకుని ఉన్న నాకు గొంతుంటే ఆటో ఆగేలా అరిచేదాన్ని.

గురువారం పొద్దున్నే కోదండం ముంగిట హైమ నన్ను విసురుగా బల్లమీద పెట్టింది. “ఉత్తరం ఎటో కూడా తెలీకుండా గీస్తారా మావయ్యా? రేపటితో గది పోతుంది.”

ఆయన నన్ను వెలుతురుకెత్తి పట్టుకున్నాడు. గీకినచోట నేను మరీ పల్చబడి, చిన్న కిటికీలా వెలిగాను. ముప్పై ఏళ్ల చేతిపనిని ఒక పిల్ల అనుమానించింది మరి; ఆయన ఆ గీకుడుని వేలితో తడిమి చూశాడు.

“ఈయన కాదే,” అంది మంగతాయారు. “నేనే గీకాను. దక్షిణమంటే భయమేసింది. నీకేదైనా అవుతుందేమోనని.”

హైమ తల్లివైపు చూసి, కోదండం వైపు చూసి, తలదించుకుంది. ఆయన నన్ను బల్లమీద బోర్లించాడు. ఇంక నా బతుకు చిత్తుకాగితమే. నా వీపు మీద పెన్ను గీసి సిరా పారుతోందో లేదో చూసుకున్నాడు. స్కేలు తుడిచాడు. కళ్లజోడు తుడిచాడు.  గదీ పోయింది, అన్నాచెల్లెళ్ల మాటా పోయిందనుకున్నాను. ఆవిడ పక్కన ఇన్నాళ్లుండి నాకూ కీడు శంకించడం అలవాటైంది.

చివరికి కొత్త కాగితం ఒకటి బల్లమీద పరిచి, పెన్ను ఆవిడ చేతికందించాడు.

“బాణం నువ్వే గియ్యి చెల్లెమ్మా. పైకి. గది నేను గీస్తాను.”