బావిలో దొరికిన ముఖం

నేను ఒక వెండి నాణేన్ని. రోమ్‌లో ఎర్రగా కాగి, రెండు అచ్చుల మధ్య సుత్తి దెబ్బ తిని పుట్టాను. ఒకవైపు చక్రవర్తి తల, మరోవైపు కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ. తనను ఎన్నడూ చూడనివాళ్లు కూడా తన మాట వినాలని ఆయన తన ముఖాన్ని నాలాంటివాటి మీద కొట్టించాడు. మిరియాల బేరానికి ఓడెక్కి వచ్చాను. చేతులు మారి మారి నల్లగొండ నేలలో, ఒక కుండలో, దాదాపు రెండువేల ఏళ్లు పడి ఉన్నాను.

నన్ను వెలికి తీసినవాడు బిచ్చపతి, పటేలు చేనులో బావి తవ్వే కూలీ. ఎండాకాలం ఒక మధ్యాహ్నం అతని గడ్డపారకు కుండ తగిలింది. పైన తట్టలు లాగుతున్నది అతని భార్య సోమక్క. ఆమెకు అయిదో నెల కడుపు. మట్టి తట్టలో నన్నొక్కదాన్నే ముందు పంపాడు.

"ఎవలకు చెప్పకు. ఇంకా ఉన్నయి," అన్నాడు కిందినుంచి.

కుండ చుట్టూ తవ్వుతుంటే బావి ఒడ్డు విరిగి అతని మీద పడింది. సోమక్క నన్ను పిడికిట్లో బిగించి అరిచింది. కూలీల వెనకే పటేలూ వచ్చాడు. కింద మట్టిలో మెరుస్తున్న వెండిని చూశాడు.

"ముందుగాల కుండ తియ్యుండ్రి. పైలం, పలుగుతది."

"లోపట మనిషున్నడు పటేలా," అంది సోమక్క. "వెండి యాడికి వోతది? ఆయనకు ఊపిరాడది."

దిగినవాళ్లు తల ఎత్తలేదు. పసిబిడ్డను ఎత్తినంత పదిలంగా కుండను ఎత్తారు. తాడు పట్టుకుని తానే దిగబోయిన సోమక్కను ఆడవాళ్లు ఆపారు. బిచ్చపతిని పైకి తెచ్చేసరికి అతని నోటి నిండా మట్టి.

నాతోటి నాణేలు పటేలు ఇంట్లో కరిగి కడియాలయ్యాయి. సోమక్క మాత్రం నన్ను అమ్మలేదు. ఎక్కడిదని అడిగితే ఆ మధ్యాహ్నం గురించి చెప్పాలి. పేలికలో చుట్టి చూరులో దాచింది.

ఆమె బిడ్డ నాలుగేళ్లప్పుడు, పొరుగింట్లో దండ వేసిన పటం చూసి వచ్చి అడిగింది: "మనింట్ల నాయిన ఫొటో లేదానే?"

బిచ్చపతి ఏనాడూ ఫొటో దిగలేదు. సోమక్క చూరులోంచి పేలిక తీసి విప్పింది.

పిల్ల నన్ను అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు తిప్పింది.

"గీయినేనా?"

"ఆ. గీయినే."

చక్రవర్తి నెత్తిమీది ఆకుల దండను వేలితో తడిమింది. "తలకు గిదేంది?"

"రుమాలు బిడ్డా," అంది సోమక్క. "ఎండకు కట్టుకునేటోడు."