కోళ్లాయన పిలుపు

మా అన్నయ్య కోడిపిల్లల్ని పిలిచే గొంతు వింటే ఎవరికైనా నవ్వొచ్చేది. నాలుకని అంగిటికి కొట్టి టొక్ టొక్ టొక్ అని, వెంటనే ముక్కుతో ‘రండర్రా, అన్నం చల్లారిపోతోంది’ అనేవాడు. వేసేది పొడి దాణా, అందులో చల్లారడానికేముందని నేను ఎన్నిసార్లు దెప్పినా వినేవాడు కాదు. పొదిగే పెట్టెలో గుడ్లు పగలడానికి ఇంకా కొన్నాళ్లుందనగానే, అద్దం తలుపుకి మూతి ఆనించి మొదలుపెట్టేవాడు. లోపల వింటాయట. గుడ్డులోనే గొంతు తెలిసిన పిల్ల, బయటికొచ్చాక తిండికి తడుముకోదని అన్నయ్య నమ్మకం.

వదిన ఆ గొంతుని అచ్చుగుద్దినట్టు దించేసేది. భోజనాల వేళ షెడ్డులోంచి ఎంతకీ కదలని మొగుణ్ణి, వంటింటి గుమ్మంలో నిలబడి ఆ పిలుపుతోనే పిలిచేది. అన్నయ్య గొణుక్కుంటూ వచ్చేవాడు. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. ఊరందరికీ కోళ్లాయనే గానీ, వదిన దగ్గర వట్టి కోడిపిల్ల.

మాది చిన్న హేచరీ. కౌజు పిట్టలు, నాటుకోళ్లు పెంచుతాం. వాటిలో అన్నయ్యకి ప్రాణం గొలుసుకోళ్లు. బూడిదరంగు ఒళ్లు, మెడ చుట్టూ గొలుసు వేసినట్టు నల్లటి ఈకలు. తాత దాచుకొచ్చిన రకం, ఇంకెక్కడా ఉన్నట్టు మేము వినలేదు. ఈ ఏడు తెగులు తగిలి ఆ రకం పుంజులూ పెట్టలూ తుడిచిపెట్టుకుపోయాయి. అంతకుముందే పెట్టెలో పెట్టిన గుడ్లు మాత్రం మిగిలాయి. వాటిని పిలుస్తూ పిలుస్తూనే అన్నయ్య ఆ అద్దం ముందు కూలబడ్డాడు. గుండె ఆగిపోయింది. మేము పరిగెత్తుకెళ్లేసరికి అంతా అయిపోయింది.

గుడ్లకి ఇవేం తెలుస్తాయి, వాటి వేళకి అవి పగిలాయి. పిల్లలు బల్బు కింద ఓ మూలకి చేరి ఒకటే అరుపు. పళ్లెం వైపు చూడవు. ముక్కులు నీళ్లలో ముంచాను, దాణాని వేలితో కదిపాను. నేను పిలిస్తే ఇంకా మూలకి నక్కాయి. నా గొంతు మా ఇంట్లో మనుషులకే పడదు, కోడిపిల్లలకేం పడుతుంది! పుట్టిన పిల్లని కడుపులోని పచ్చసొన కొంతవరకే ఆదుకుంటుంది. ఆలోగా తినడం రాకపోతే అంతే సంగతులు. కొన్ని అప్పటికే మెడలు వాల్చేశాయి. పరామర్శకొచ్చిన పెద్దమనిషి ఒకాయన “మనిషే పోయాక ఇంక కోళ్లెందుకమ్మా” అన్నాడు. ఆయన్ని గేటు దాకా నేనే సాగనంపాను, కాస్త గట్టిగానే.

వదిన గదిలో అన్నయ్య చొక్కా మడతపెడుతోంది. విప్పి, మళ్లీ అదే మడతపెడుతోంది.

“వదినా, నువ్వొచ్చి పిలవాలి. అన్నయ్య గొంతుతో.”

చొక్కా నా మొహాన విసిరికొట్టింది. “పోయిన మనిషిని వెక్కిరించమంటావా? బుద్ధుందా నీకు?”

“వెక్కిరింత కాదు. వాటికి తెలిసిన గొంతు అదొక్కటే. ఈ పూట తినకపోతే ఒక్కటీ మిగలదు. అన్నయ్యవి అని చెప్పుకోవడానికి ఇంకేం ఉన్నాయి మనకి?”

“అత్తయ్య వింటుంది.”

“విననీ” అంటూ వదిన చెయ్యి పట్టుకున్నాను.

వచ్చింది. పళ్లెం ముందు గొంతుక్కూర్చుని నోరు తెరిచింది, మాట రాలేదు. గోటితో పళ్లేన్ని తట్టింది. మళ్లీ ప్రయత్నించింది. ఉన్నట్టుండి గొంతు లేచింది. టొక్ టొక్ టొక్, రండర్రా, అన్నం చల్లారిపోతోంది. నేను వెనక్కి తిరిగి చూశాను కూడా. పిల్లలు ఒక్కసారి నోళ్లు మూసుకున్నాయి. తర్వాత ఒకదాన్నొకటి తొక్కుకుంటూ పళ్లెం మీదికి ఉరికాయి.

వదిన కన్నీళ్లు దాణాలో పడుతున్నాయి. “నన్ను చూసి కాదే. ఆయనే అనుకుని వచ్చాయి” అంది. అన్నయ్య పోయిన రోజు కూడా ఏడవని దాన్ని, అప్పుడు భోరుమన్నాను.

తలెత్తితే షెడ్డు గుమ్మంలో అమ్మ. చేతులు తడి. మా ఇద్దర్నీ చూసింది, మా వెనకాల కూడా చూసింది. వచ్చిన దారినే వెళ్లిపోయింది. అమ్మకి మతి పోలేదు. కొడుకు లేడని మా అందరికంటే ఆమెకే బాగా తెలుసు. కానీ ఆ పిలుపు వినబడితే కొడుకు భోజనానికి వస్తాడని ఇన్నేళ్ల అలవాటు, కాళ్లు వాటంతటవే లేచి వచ్చేస్తున్నాయి. దాణా వేసినప్పుడల్లా వదిన పిలిచేది, పిలిచినప్పుడల్లా అమ్మ గుమ్మంలోకి వచ్చేది.

“ఆపేయనా అత్తయ్యా?” అని వదిన అడిగింది.

“వాటి కడుపులు మాడ్చకు” అంది అమ్మ.

పిల్లలు తేరుకున్నాయి. రెక్కల్లో ఈకలు పొడుచుకొచ్చాయి, మెడ మీద నల్లటి చార కనబడింది. ఒక ఉదయం నేను పళ్లెం కింద పెట్టకముందే మీద పడ్డాయి. ఎగిరి గంతేసినంత పని చేశాను. “వదినా, ఇంక నువ్వు పిలవక్కర్లేదు! వాటంతటవే తింటున్నాయి” అని కేకేశాను. తెలివితక్కువదాన్ని.

వదిన మెల్లగా వచ్చింది. “అక్కర్లేదా?” అంది.

పళ్లెం పక్కన కూర్చుంది. గోటితో తడుతూ, గొంతు ఎక్కడా వణక్కుండా, ఆఖరి అక్షరం దాకా అన్నయ్యలాగే పిలిచింది.

ఒక్క పిల్లా తలెత్తలేదు. గుమ్మంలోకి అమ్మ వచ్చింది, చేతులు కొంగుకి తుడుచుకుంటూ.