జురేమా తెచ్చిన రెండు సీసాలు

జురేమా పని పురుగులు లెక్కపెట్టడం. నేను ట్రాక్టరు నడుపుతుంటే వెనక ఎత్తు బల్ల మీద నిలబడి బత్తాయి చిగుళ్లు తిప్పి తిప్పి చూసేది. నువ్వుగింజంత పురుగు, తోక పైకెత్తి కూర్చుంటుంది. అది తెగులు అంటించిందంటే చెట్టు పసుపెక్కి, కాయలు రాల్చి చచ్చిపోతుంది.

ఆ ఏడు మందు కొట్టిన మూడోరోజుకే పురుగులు మళ్లీ కనిపించాయి. జురేమా చీటీ రాసి మేనేజరు ఎవాల్దోకి ఇచ్చింది.

"అయ్యా, ఇవి ఈ మందుకు చావట్లేదు. వేరే రకం కొట్టించండి."

"నువ్వెప్పుడు చదివావే వ్యవసాయం? లెక్కపెట్టు, చాలు."

ఆ మందు అమ్మే దుకాణంవాళ్లు ఎవాల్దోని ఏటా పెళ్లాంపిల్లలతో సముద్రపు ఒడ్డుకు పంపుతారని మాకందరికీ తెలుసు. మూడు నెలలు వారం వారం అదే మందు, ఇంకా చిక్కగా కొట్టించాడు.

చెట్లు పసుపెక్కాక యజమాని అమాదెవు వచ్చాడు. కూలీలందరి ముందూ ఎవాల్దో జురేమా వైపు వేలు చూపించాడు.

"ఈవిడ నీడన కూర్చుని చీటీలు నింపిందండీ. పురుగుందని నాతో చెబితేగా!"

జురేమా నా వైపు చూసింది. పురుగుందని రాసిన చీటీలు వారం వారం అతని చేతికివ్వడం నేను చూశాను. అయినా తల దించుకున్నాను.

ఆమె పని పోయింది. ఎవాల్దో చుట్టుపక్కల నాలుగు తోటలకు ఫోన్ చేసి ఆమెను ఎక్కడా చేర్చుకోనివ్వలేదు. కాఫీ కొట్టు దగ్గర, "జురేమా, నా కప్పులో ఈగలెన్నో చెప్పవా?" అని వెక్కిరించేవారు.

ఒక ఆదివారం మా గుమ్మంలోకి వచ్చింది.

"తోన్యో, నీ నోరు ఎలాగూ పడిపోయింది. చేతులైనా పనిచేస్తాయా?"

కాదనడానికి నాకు ముఖమేది? మా తోటలోంచి పురుగులు పట్టి ఒక సీసా నిండా ఇచ్చాను. ఊరి పార్కులో కరివేపాకుకు చుట్టమైన తెల్లపూల పొదలున్నాయి. వాటి మీదా ఇవే పురుగులుంటాయి, కానీ ఎవరూ మందు కొట్టరు. అక్కడి పురుగులతో ఆమె రెండో సీసా నింపింది.

ఆ వారమే రైతుసంఘం ఎవాల్దోని సలహాదారుగా పెట్టుకునే సభ. అతను మందు గొప్పతనం చెబుతుండగా జురేమా లేచి సీసాలు బల్ల మీద పెట్టింది.

"ఆ మందు మీ చేత్తోనే కొట్టండయ్యా. రెండింటికీ."

"ఆహా, పురుగుల డాక్టరమ్మ!" అని నవ్వుతూ కొట్టాడు.

కాఫీ, జున్ను రొట్టెలు పంచారు. అవి అయిపోయేసరికి ఒక సీసాలో అన్నీ వెల్లకిలా పడున్నాయి. ఇంకోదానిలో తోకలు పైకెత్తి తిరుగుతున్నాయి.

"బతికినవి ఎక్కడివి?" అడిగాడు అమాదెవు.

జురేమా నన్ను చూసింది. ఈసారి లేచాను.

"మన తోటవేనండి. నేనే పట్టాను. చీటీలు కూడా ప్రతివారం ఇచ్చింది. నా కళ్లతో చూశాను."

ఎవాల్దోకి సలహాదారు పదవీ దక్కలేదు, మేనేజరు ఉద్యోగమూ పోయింది. అమాదెవు జురేమాను మళ్లీ పనిలోకి రమ్మన్నాడు. "నా మీద నింద వేసిన తోటలో అడుగు పెట్టను," అంది. పక్క తోటవాళ్లు పిలిచి మరీ చేర్చుకున్నారు. ఆమె వెంట ట్రాక్టరు నడపడానికి నేనూ అక్కడికే మారాను.

నెల తిరక్కుండా ఎవాల్దో అక్కడికే పని అడగడానికొచ్చాడు. యజమానురాలు జురేమాను పిలిచి, "ఈయన నీకు తెలుసట, ఎలాంటివాడు?" అని అడిగింది. అతను చేతిలో టోపీ నలుపుతూ ఆమె కళ్లలోకి చూశాడు.

"పురుగు చావదని తెలిసీ మందు కొట్టించే మనిషండి. ఆనక తప్పు మనమీదకి తోస్తాడు."

అతను వెళ్లిపోయాక నేనన్నాను, "చాల్లే జురేమా. పిల్లలున్నవాడు."

"నాకు లేరా?" అంది. "అతను నా గురించి నాలుగు తోటలకు చెప్పాడు. నేనింకా ఒక్కదానికే చెప్పాను."

మిగతా మూడింటికీ కాలినడకన వెళ్లి చెప్పొచ్చింది.