పానాల పిలుపు

అబ్దుల్ హమీద్ సాబుకు మనిషిని పనిలోంచి తీసేయడం చేతకాదు. తీయడని కాదు, తీస్తాడు. ఎదురుగా నిలబడి నోటితో చెప్పడమే ఆయనకు చేతకాదు. అందుకని తన మోటారు బావి కంపెనీలో ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఏ ఊళ్లో బావి నిలబెట్టాలన్నా, విప్పాలన్నా ముందు పొద్దున్నే బోల్టులు బిగించే పానాలను గోనెపట్టా మీద వరసగా పరిపిస్తాడు. ఒక్కొక్క పేరే పిలుస్తాడు. పిలుపు అందినవాడు "హాజర్" అంటూ వచ్చి తన పానా తీసుకుంటాడు. పేరు రానివాడు మూట సర్దుకుంటాడు. ఎందుకని అడగడం కంపెనీలో మర్యాద కాదు. ఎనిమిదేళ్లలో ఒక్కడైనా అడిగిన పాపాన పోలేదు. అడిగి ఉంటే ఆ మెతక మనిషి ఏం చెప్పేవాడో మనకూ తెలిసేది.

మోటారు బావి అంటే నీళ్ల బావి కాదు. చెక్కలతో నేల మీద నిలబెట్టిన గుండ్రటి గోడ. లోపల గౌస్ అనే కుర్రవాడు ఫట్‌ఫటీ అనే మోటారు సైకిలెక్కి, నేల మీద గిరగిరా తిరిగి తిరిగి, ఆ ఊపులో గోడ మీదికి పాకి, బల్లిలా అడ్డంగా చుట్టేస్తాడు. జనం మెట్లెక్కి పైఅంచున నిలబడి లోపలికి తొంగి చూస్తారు. చూసి, గుండె చేత్తో పట్టుకుంటారు. గోడ బయట కింద నిలబడేవాళ్లు చెక్కలవాళ్లు. బండి తిరుగుతున్నంతసేపూ ఏ బోల్టు వదులవుతోందో చప్పుడును బట్టి పసిగట్టి, అక్కడికి పరుగెత్తి పానాతో బిగించాలి. చెక్క అదిరితే భుజం ఆనించాలి. గౌస్ ప్రాణం వాళ్ల చెవుల్లో ఉంటుంది. పైకెక్కి ఆట చూసే యోగం మాత్రం వాళ్లకు లేదు.

ఆ చెక్కలవాళ్ల మేస్త్రీ నాగన్న. ఇటిక్యాల మనిషి. కంపెనీ పుట్టిన ఏడాదే చేరాడు, చేరుతూ తన ఊరివాడైన దానియేలును వెంట తెచ్చాడు. అప్పుడు దానియేలు గిత్తలా ఉండేవాడు. రెండేళ్ల కిందట ఉప్పునుంతలలో పై చెక్క ఎత్తుతుంటే నాగన్న చేతిలో తాడు జారింది. ఊరికే జారలేదు. ఎవరో గాజులమ్మే ఆమెతో ఎకసెక్కాలాడుతూ నాగన్న అటు చూశాడు, అప్పుడు జారింది. చెక్క వచ్చి దానియేలు మోకాలి కింద పడింది. కట్టు కట్టినాయన ఎముకను వంకరగానే అతికించాడు. ఎవరడిగినా దానియేలు, "నా కాలే జారింది" అనేవాడు. నాగన్న ఆ మాట విన్న ప్రతిసారీ తల వంచుకునేవాడు. ఆ కాలితో నాగలి పట్టలేడు, బస్తా మోయలేడు, కోతకు పిలిచేవాడు లేడు. ఈ కంపెనీలో పానా చేతిలో ఉన్నన్నాళ్లే అతని పెళ్లాం కాంతమ్మ పొయ్యి మీద కుండ ఉంటుంది. ఆ పానా పోకుండా కాపాడాలి. నాగన్నకు బతుకులో ఇంకో పట్టుదల లేదు.

పందొమ్మిది వందల నలభై మూడు వచ్చింది. ఎక్కడో సముద్రాల అవతల తెల్లవాళ్లు తన్నుకుంటుంటే ఇక్కడ గౌస్ బండికి పెట్రోలు కంట్రోలైంది. పండిన గింజలు లెవీ కింద సర్కారుకు పోతున్నాయి. జాతరకు జనం రాక మానలేదు గాని, మొక్కు చెల్లించుకుని, పిల్లలకు చెరో చిక్కీ ముక్క కొనిచ్చి, బావి మెట్ల దగ్గరికి వచ్చేసరికి మొహం పక్కకు తిప్పుకునేవారు. మునుపు గద్వాల జాతరలో పైఅంచు మీద నిలబడ్డానికి చోటు దొరక్క కొట్టుకున్న జనంలో, ఆ ఏడు పాతికమంది కూడా ఎక్కలేదు. మర్నాడు బావి విప్పే పొద్దున సాబు ఎనిమిది పేర్లు పిలవాల్సింది ఆరుతో ఆపేశాడు. ఆపి, ఆకాశంలో ఏదో పక్షి ఉన్నట్టు పైకి చూస్తూ నిలబడ్డాడు.

ఇద్దరు పోయారు. తర్వాతి వంతు కుంటివాడిదేనని నాగన్నకు దడ పుట్టింది. మిగిలినవాళ్లను కూర్చోబెట్టి చెప్పాడు.

"మనమెంత పనికొస్తమో సాబుకు సూపియ్యాలె. వనపర్తిల బావి సగం రోజులనే లేపుదాం. మనల్ని ఇడిసిపెట్టాలంటే ఆయనకే మనసొప్పొద్దు."

పాపం, కష్టజీవికి వచ్చే ఆలోచన ఇదే. ఒళ్లు దాచుకోవడం తెలియనివాడికి ఒళ్లు హూనం చేసుకోవడమే ఉపాయంలా కనిపిస్తుంది. కృష్ణ దాటి వనపర్తి చేరిన పొద్దున ఆరుగురూ పంతం పట్టి దిగారు. ఎనిమిదిమందికి రోజున్నర పట్టే పని మిట్టమధ్యాహ్నానికి ముగించారు. దానియేలు వంతు చెక్కలు కూడా నాగన్నే ఎత్తాడు, అవి దానియేలే ఎత్తినట్టు కనిపించేలా పక్కన నిలబెట్టి మరీ ఎత్తాడు. సాబు వచ్చి గోడను తట్టి చూసి, కళ్ల నీళ్లు పెట్టుకుని నాగన్నను కావలించుకున్నాడు. అందరికీ చాయ్ తెప్పించాడు. చాయ్ తాగుతూ నాగన్న, గండం గట్టెక్కిందనుకున్నాడు.

తిమ్మాజిపేటలో సాబు నలుగురి పేర్లే పిలిచాడు. ఆరుగురు సగం రోజులో చేసిన పని నలుగురు రోజంతా చేయలేరా? లెక్కకు తప్పేముంది? తాము చూపించిన పనితనమే తమ మెడకు చుట్టుకుందని అప్పుడైనా అర్థం కావాలి కదా. నాగన్నకు కాలేదు. ఇంకా గట్టిగా చేయాలేమో అనుకున్నాడు. నలుగురూ చేశారు, నడుములు పడిపోయేదాకా చేశారు. ఇంకో ఎడ్లబండి కిరాయి కలిసొస్తుందని సాబు బావి పైవరస చెక్కలు కూడా తీసేయించాడు. గోడ పొట్టిదైంది. సంతకొచ్చిన రైతులు దాన్ని చూసి, "గిది బావా, కుడితి గోలెమా?" అని నవ్వుకుంటూ పోయారు. ఎక్కిన నలుగురైదుగురూ, గౌస్ అడ్డంగా తిరుగుతుంటే ఆవలించారు. కంపెనీని నిలబెట్టడానికి ఏ కొమ్మ నరికినా అది కూర్చున్న కొమ్మే అవుతోంది. ఆ ఊళ్లో బావి విప్పేటప్పటికి మరో ఇద్దరు మూట సర్దుకున్నారు.

ఇక నాగన్న, దానియేలు మిగిలారు. కాళ్లు రెండూ బాగున్నవాళ్లంతా పోయి దానియేలు ఎలా మిగిలాడో నాగన్నకు అంతు చిక్కలేదు. తన ఉపాయం ఫలించిందనే అనుకున్నాడు.

నాగర్‌కర్నూల్ దర్గా ఉర్సుకు ఎడ్లబండ్లు చేరిన సాయంత్రం సాబు నాగన్నను పక్కకు పిలిచాడు. గడ్డం మాసి ఉంది. టికెట్లమ్మే మనిషిని కూడా పంపించేశాడు కాబట్టి టికెట్ల కట్ట ఆయన జేబులోనే ఉంది.

"నాగన్నా, ఇగ ఒక్కర్నే పెట్టుకుంట. కూలోళ్లు ఏ ఊర్లయినా దొర్కుతరు. ఏ చెక్కకు ఏ చెక్క జోడో తెలిసినోడు ఒక్కడుంటే సాలు."

నాగన్న తడుముకోలేదు. ఈ మాట వస్తే ఏమనాలో దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాడు.

"అట్లయితే దానియేలును పెట్టుకోండ్రి సాబ్. నేను పోత. నాకు రెండు కాళ్లున్నయి, యాడన్న బతుకుత."

సాబు టికెట్ల కట్టను జేబులోకి లోతుగా తోసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"వాని పని నువ్వు చేస్తున్నవని నాకు తెల్వదనుకున్నవా? వనపర్తి కాడ్నే సూసిన. అందుకే మిగిలినోళ్లను పంపి వాన్ని ఉంచిన. ఆళ్లను ఉంచితే ఎవని పని వాడే చేస్తడు. వాన్ని ఉంచితే నువ్వు ఇద్దరి పని చేస్తవ్. నువ్వే పోతే ఇగ వానితోని నాకేం పని?"

నాగన్నకు చెంప మీద కొట్టినట్టయింది. దానియేలును కాపాడుతున్నానని ఇన్నాళ్లూ ఛాతీ విరుచుకున్నాడు. ఆ వంకన మంచి కాళ్లున్న నలుగురి పొట్ట కొట్టాడన్నమాట. కోపం రావాలి, రాలేదు. ఎదురుగా ఉన్న మనిషి కూడా మునుగుతున్నవాడే. ఆ ముఖం చూస్తూ కోపం తెచ్చుకోవడం కష్టం.

"మల్ల ఏం చేయమంటరు సాబ్?"

"నాకు తెల్వదు. నాతోని కాదు. రేపు పేర్లు నువ్వే పిల్వు. నువ్వెవరిని పిలిస్తే ఆళ్లే ఉంటరు. ఖుదా సాక్షిగా నేను మాట్లాడ."

అంటూ సాబు లేచి చెక్కల చాటుకు వెళ్లిపోయాడు. చేతకానితనాన్ని కూడా పనివాడి చేతికి పానా అందించినట్టు అందించి వెళ్లిపోయాడు మహానుభావుడు.

నాగన్న దానియేలు పేరే పిలవాలని తీర్మానించుకున్నాడు. పిలిచి తను పోతాడు. తర్వాత సాబు ఏం చేసుకుంటే అది చేసుకోనీ, తన చేత్తో మాత్రం ఆ మనిషిని రెండోసారి పడేయడు. ఇంతకు మించి ఆలోచించకుండా మనసును గట్టిగా బిగించుకున్నాడు.

పొద్దున గోనెపట్టా మీద ఒకే ఒక్క పానా ఉంది. సాబు వీపు తిప్పి నిలబడ్డాడు. దానియేలు తలకు రుమాలు చుట్టుకుని, కుంటుకుంటూ వచ్చి ఎప్పటి చోటులోనే నిలబడ్డాడు. పానా ఒకటే ఉండడం చూశాడు, నాగన్న పట్టా దగ్గర ఉండడమూ చూశాడు. అవతల గౌస్ తన బండి తుడుస్తూ తల ఎత్తకుండా అన్నాడు.

"నాగన్నా, నువ్వు బిగించిన చెక్కల మీదనే నేను ఎక్కుత. కూలోళ్లు బిగించినయి నాకొద్దు. అమ్మీజాన్‌కు నేనొక్కణ్నే."

నాగన్న నోరు తెరిచాడు. దానియేలు అని అనబోయాడు, నిజంగానే అనబోయాడు. ఆ నిమిషంలో ఇటిక్యాలలో తన ఇల్లు కళ్లకు కట్టింది. భార్య రంగమ్మ లెవీవాళ్లు ఊడ్చుకుపోయిన గాదెలో చెయ్యి పెట్టి అడుగున తడుముతోంది.

"నాగన్న."

పిలిచింది తన గొంతే. పద్ధతి ప్రకారం జవాబు కూడా రావాలి. దానియేలు చూస్తున్నాడు, గౌస్ కూడా తల ఎత్తాడు.

"హాజర్" అన్నాడు నాగన్న, తన పిలుపుకు తనే. వంగి పానా తీసుకున్నాడు.

గౌస్ కోసమే అలా చేశానని ఆ తర్వాత ఎంతమందికైనా చెప్పుకోవచ్చు. వినేవాళ్లు నమ్ముతారు కూడా. నాగన్న మాత్రం నమ్మలేదు. పానా చేతికి తగలగానే కడుపులో చల్లగా అనిపించిన సంగతి అతనికి తెలుసు. అంతకన్నా సిగ్గుపడాల్సింది తన జన్మలో ఏదీ లేదు.

దానియేలు మూట సర్దుకున్నాడు. సర్దుకుంటూ, ఎప్పుడూ చెప్పే మాటలాగే చెప్పాడు.

"అన్నా, దర్వాజ పక్క మూడో చెక్క జర పైలం. దాని బోల్టు మర అరిగింది. నేను రోజు గుడ్డ పేలిక సుట్టి బిగిస్తుంటి."

ఆ సంగతి నాగన్నకు తెలియదు. దానియేలు పనంతా తనే చేస్తున్నాననుకున్నాడు ఇన్నాళ్లూ.

ఇద్దరు కూలీలను పట్టుకుని నాగన్న ఆ పొట్టి బావిని సాయంత్రానికి ముందే లేపాడు. ఎండ ఇంకా తగ్గలేదు. ఉర్సు జనం దర్గా వైపు పోతున్నారు, వస్తున్నారు. సాబు మెట్ల దగ్గర నిలబడి గొంతు పోయేలా కేకలు వేస్తే పదకొండుమంది ఎక్కారు. ఇంకెవరూ రారని బండి మొదలుపెట్టమనబోతుంటే, మూట చంకలో పెట్టుకుని దానియేలు వచ్చాడు. పైసలు సాబు చేతిలో పెట్టాడు.

"నువ్వెందుకిస్తవ్‌రా? పో, ఊరికె ఎక్కు" అన్నాడు సాబు కంగారుగా.

"గిప్పుడు నేను కంపెనీ మనిషిని కాదు గద సాబ్. తీస్కోండ్రి. ఎన్నడు సూడలే, సూసిపోత."

సాబు పైసలు జేబులో వేసుకుని టికెట్ చించి ఇచ్చాడు. దానియేలు ఒక్కో మెట్టు మీద వంకర కాలు రెండోసారి ఆనించుకుంటూ పైకెక్కాడు. పన్నెండోవాడయ్యాడు.

గౌస్ బండి అందుకుంది. చెక్కలు మోగడం మొదలైంది. కూలీలిద్దరూ ఆ అదురుకు భయపడి దూరం జరిగారు. దర్వాజ పక్క మూడో చెక్క దగ్గర టకటకమని చప్పుడు వినిపించింది. నాగన్న పరుగెత్తి పానా తగిలించి, చెక్కకు భుజం ఆనించాడు. పేలిక చుట్టినా మర పట్టడం లేదు. చెయ్యి వదిలితే చెక్క కదులుతుంది, కదిలితే గౌస్ ఉండడు.

పైనుంచి పిలుపు వినిపించింది. దానియేలు అంచు మీద ఇటు తిరిగి, కిందికి వంగి, పసివాడిలా ముఖమంతా నోరు చేసుకుని అరుస్తున్నాడు.

"అన్నా! గింత మంచిగుంటదా అన్నా! గోడ మీద అడ్డం పండుకొని ఉరుకుతుండు! ఎనిమిదేండ్ల సంది మనం సూడకపోతిమి గదనే!"

నాగన్న తల ఎత్తలేదు. ఆ గొంతులో నిష్ఠూరం ఉంటే భరించేవాడు. అది లేదు, ఉత్త సంతోషం ఉంది. భుజం చెక్కకు నొక్కి, పళ్లు బిగించి, ఈ బండి ఆగకుండా ఉంటే బాగుండుననుకున్నాడు. ఆగితే పైనున్నవాళ్లు దిగుతారు. దిగి, పోయివస్తానని చెప్పడానికి దానియేలు ఇటే వస్తాడు. కానీ గౌస్ బండిలో ఆ పూట పోసింది సీసాడు పెట్రోలే. మోత అప్పటికే సన్నబడుతోంది.