కల్లంలో ఎరుపు

పొద్దున్నే సాలమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని కల్లంలో మిర్చి తిరగేస్తోంది. ఘాటుకు తుమ్ములు ఆగవు, కళ్లు మండుతాయి, అయినా ఈ ఏడు ఆ పని ఆమెకు ముద్దొస్తోంది. కాయ అలాంటిది మరి. దారిన పోయేవాళ్లు కూడా ఆ రంగు చూసి ఆగి, రెండు మాటలు మాట్లాడి పోతున్నారు. కూతురు సుమలత ఇంటర్ పూర్తి చేసి ఇంట్లో ఉంది. ఈ మిర్చి అమ్మితే హన్మకొండలో నర్సింగు చదువుకు పోతుంది. ఇంటిల్లిపాదీ ఆ కుప్ప మీదే ఆశ పెట్టుకున్నారు.

అప్పుడే కళల పండుగ కమిటీ కల్లం దగ్గరికి వచ్చింది. ముందు పెద్దమనిషి జగపతి, వెనక బొమ్మలు గీసే అరుంధతి, ఆమె చేతిలో తమలపాకుల పళ్లెం.

ఆ ఊళ్లో ఏటా మాఘంలో కళల పండుగ జరుగుతుంది. ఒగ్గు కథ, చిందు, కోలాటం, చర్చి పిల్లల పాటలు, అన్నీ ఉంటాయి. వాటన్నిటికీ కలిపి పోస్టర్ ఒక్కటే. కొడకండ్ల మగ్గం గుడ్డ మీద అరుంధతి గీస్తే, బస్టాండు గోడకు కడతారు. ఫ్లెక్సీలు ఊరంతా కమ్మేసినా ఈ ఆచారం మాత్రం చెక్కుచెదరలేదు. బొమ్మల వెనక నేలంతా ఎర్రగా ఉండాలి. ఆ ఎరుపును దుకాణంలో కొనరు, ఊళ్లో ఒక ఇంటిని అడుగుతారు. అరుంధతి తడి కుంచె ఆనిస్తే రంగు కుంచెలోకి వచ్చేస్తుంది, వస్తువు తెల్లబడుతుంది. పండుగ అయ్యాక ఆ ఇంటి ఆడవాళ్లే బిందెడు నీళ్లతో పోస్టర్‌ను కడుగుతారు. ఎరుపు తన చోటికి తాను పోతుంది. నిరుడు మరియమ్మ ఇంటి మందారాలు పండుగ రోజుల్లో తెల్లగా పూసి, తర్వాత మామూలుగా ఎర్రబడ్డాయి. దానికెవరూ ఆశ్చర్యపోలేదు.

"ఒక్క కాయ సాలు మామా," అంది అరుంధతి.

సాలమ్మ మొగుడు లచ్చయ్య ఛాతీ పొంగింది. ఇన్నేళ్లలో కమిటీ తమ గల్లీ మొహం చూడలేదు.

"ఒక్క కాయేంది బిడ్డా! మా గల్లికి అచ్చుడే గిది మొదలు. కుప్పకు కుప్ప తీస్కో."

"నాయినా, గన్నెందుకు?" అంది సుమలత.

"ఇస్తే నిండుగ ఇయ్యాలె. మల్ల అచ్చేదే గదా!"

కుంచె ఆనింది. కల్లం ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లబడింది.

అంత ఎరుపును ఆ గోడ ఎన్నడూ చూడలేదు. బస్సులు దిగినవాళ్లు దిగినట్టే నిలబడి చూశారు. పండుగ ముగిసిన మరునాడు సాలమ్మ బిందె చంకన పెట్టుకుని పోయేసరికి గోడకు మేకులు తప్ప ఏమీ లేవు.

పోస్టర్ మహబూబాబాద్‌లో, జగపతి కొత్త ఇంటి హాల్లో, అద్దం వెనక ఉంది.

"ఇసొంటి బొమ్మను నీళ్లపాలు జేస్తమా లచ్చయ్యా?" అన్నాడు జగపతి. "మన ఊరి పేరు పదికాలాలు నిలబడతది."

"మిర్చి పటేలా... బిడ్డ సదువు దాని మీదనే ఉన్నది."

"జర ఆగు. పెద్దోళ్లు సూడనీకి అస్తున్నరు. వాళ్లు పోయినంక సూద్దాం."

జగపతి చెడ్డవాడు కాదు. ఆ బొమ్మ ముందు నిలబడితే నిజంగానే ఆయనకు కళ్లు చెమర్చేవి. చెడ్డవాడైతే నలుగురూ కలిసి నిలదీసేవాళ్లు. బొమ్మ మీద అంత ప్రేమున్న మనిషిని ఏమనాలో ఎవరికీ తోచలేదు.

పెద్దలు వస్తూనే ఉన్నారు. ఇక్కడ ఆకాశంలో మబ్బులు కమ్ముకున్నాయి. రంగులేని కాయను మార్కెట్లో తాలు అంటారు, సగం ధర కూడా రాదు. అది తడిస్తే పారబోయాల్సిందే. లచ్చయ్య మిర్చిని మార్కెట్‌కు తోలడానికి ట్రాలీ మాట్లాడాడు. సాలమ్మ కూడా బిందెతో ఎక్కి, మహబూబాబాద్‌లో జగపతి గల్లీ మొదట్లో దిగింది.

"నేను అచ్చెదాంక అమ్మకు," అంది.

"అమ్మను, నువ్వు పో," అన్నాడు లచ్చయ్య.

జగపతి ఇంట్లో లేడు. ఆయన భార్య సత్తెమ్మ వాకిట్లో నిలబడి అంతా విన్నది. లోపలికి పోయి పటం దించి, కూరగాయల కత్తితో వెనక మేకులు పీకి, గుడ్డను వాకిట్లో పరిచింది.

"కడుగు సాలమ్మా. ఆయనకు నేను జెప్పుకుంట."

సాలమ్మ బిందె వంచింది. పారిన నీళ్లలో ఒక్క ఎర్ర చుక్క కనిపించలేదు. గుడ్డ మాత్రం తెల్లబడింది. సాలమ్మ సత్తెమ్మకు దండం పెట్టి, చినుకుల్లో మార్కెట్ దాకా పరుగెత్తింది.

లచ్చయ్య ఖాళీ బస్తాలు మడత పెడుతున్నాడు. ఎదురుగా సేటు షెడ్డులో కుప్ప నిప్పులా ఎర్రగా ఉంది.

"అమ్మినవా?"

"చినుకులు పడ్డయే. తడిస్తె ముట్టనన్నడు. గిప్పుడే తాలు ధరకు అమ్మిన."

సాలమ్మ సేటు దగ్గరికి పోయి కాళ్లావేళ్లా పడింది.

"రంగు మల్లచ్చింది, మంచిదే," అన్నాడు సేటు. "అమ్మినంక అమ్మినట్టే గదా అవ్వా!"

అందులో అబద్ధమేమీ లేదు. సాలమ్మ అక్కడే, హమాలీలందరి ముందు, కూలబడి ఏడ్చింది. లచ్చయ్య ఆమె మొహం చూడలేకపోయాడు.

ఆ ఎండాకాలం సుమలత హన్మకొండ పోలేదు. సేటు షెడ్డులో మిర్చి తొడిమలు తీసే కూలికి పోయింది. మొదటి రోజు తన ముందు పోసిన కాయను చూడగానే తమదేనని గుర్తుపట్టింది. ఎవరికీ చెప్పలేదు. అరచేతులు ఎర్రగా పొంగాయి. మజ్జిగలో ముంచినా మంట చల్లారేది కాదు. అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. అది చూస్తూ లచ్చయ్య సగం అన్నానికే లేచిపోయేవాడు.

మళ్లీ మాఘం వచ్చినా సుమలత అరచేతుల ఎరుపు పోలేదు. ఈసారి ఆ గుమ్మం తొక్కడానికి కమిటీకి మొహం చెల్లలేదు. సుమలతే కబురు పంపింది. అరుంధతి పళ్లెంతో వచ్చింది. జగపతి వెనక నిలబడ్డాడు, తలెత్తలేదు.

సుమలత రెండు అరచేతులూ చాపింది.

"ఎరుపు గావాల్నన్నరు గదక్కా. తీస్కో."

అరుంధతి ఒకసారి కుంచె వెనక్కి తీసుకుంది. అయినా ఆనించింది. అరచేతులు తెల్లబడ్డాయి. చాలా నెలల తర్వాత సుమలత పిడికిలి బిగించి, విప్పి, మళ్లీ బిగించింది. మంట లేదు.

"పండుగ గాంగనే నేనే నీళ్లు దెచ్చి కడిగిపిస్త బిడ్డా," అన్నాడు జగపతి. "ఈపాలి అద్దం కట్టను."

"వద్దు పటేలా," అంది సుమలత. "అద్దమే కట్టుండ్రి. గీ ఎరుపు నాకు మల్ల రావద్దు."